గడప దాటకూడని పిల్లి

బస్సు కదలబోతూ ఉండగా రెబెక్కమ్మ కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి మొగుడి చొక్కా పట్టుకుంది. నెల్లూరులో కూతురు ఎలిశబెతుకు మూడో కాన్పు. నొప్పులు ముందే వచ్చేట్టు ఉన్నాయని అల్లుడు కబురు పంపాడు. అంత హడావిడిలోనూ ఆమె చెప్పిన ఆఖరి మాట కూతురి గురించి కాదు, మొగుడి అన్నం నీళ్ళ గురించీ కాదు.

"నా మాట ఇనండి. మల్లి గడప దాటకూడదు. మీరు తింటారో పస్తుంటారో మీ ఇష్టం. నేనొచ్చేటప్పటికి అది మాత్రం ప్రాణంతో ఇంట్లో ఉండాల."

"ముప్పై ఏళ్ళు పిల్లకాయల్ని బల్లల మీద కూర్చోబెట్టినవాణ్ణి. ఒక్క పిల్లిని ఇంట్లో కూర్చోబెట్టలేనా? నువ్వు పోయి బిడ్డ సంగతి చూసుకో" అన్నాడు పరంజ్యోతి, బస్సులో ఉన్నవాళ్ళందరికీ వినపడేట్టు.

ఆ మాట అన్నందుకు తర్వాత ఆయన తన్ను తానే తిట్టుకున్నన్ని తిట్లు, బళ్ళో ఉన్నన్నాళ్ళూ ఏ పిల్లవాణ్ణీ తిట్టి ఉండడు.

అసలు పిల్లిని ఇంట్లో పెట్టాల్సిన అగత్యం తెచ్చిపెట్టింది కూడా ఆయనే. ఆ ఏడు తోటపల్లి గూడూరు పక్క పల్లెల్లో మొలగొలుకుల వరి విరగపండింది. చేను వెన్ను వంచిందో లేదో ఎలకలు దిగాయి. కొరికినంత కొరికి, మిగతాది బొక్కల్లోకి లాక్కుపోతున్నాయి. గ్రామసేవకుడు కామాక్షయ్య సైకిలు మీద వచ్చి, పంచాయతీ రేడియో కింద రైతుల్ని కూర్చోబెట్టి ఉపాయం చెప్పాడు. ఒకరు మందు పెట్టి ఒకరు ఊరుకుంటే లాభం లేదు, ఊరంతా ఒకేసారి పెట్టాలి. ముందు కొన్నాళ్ళు నూకలూ నూనే బెల్లమూ కలిపి ఉత్త ఉండలు పెట్టాలి. ఎలకలు నమ్మి, రుచి మరిగాక, అప్పుడు అదే ఉండలో మందు కలపాలి.

"అయ్యా, మా ఎలకలు బెల్లానికి వచ్చే రకం కాదు" అన్నాడు హజరత్తయ్య, పరంజ్యోతి పక్కింటి రైతు. "సముద్రం గాలి తిని పెరిగినాయి. వాటికి కారమూ పులుసూ కావాల."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో పరంజ్యోతి లేచాడు. ఏ కూటంలోనైనా నలుగురు నవ్వుతున్నప్పుడు లేచి ఒక మంచి మాట చెప్పకపోతే ఆయనకి కడుపు నిండదు. "నెత్తళ్ళ చేపల పొడి కలపండి. ఎండు నెత్తళ్ళు దంచి వేస్తే మనవైపు ఎలక పరుగెత్తుకుంటా వస్తుంది" అన్నాడు.

"మా కాగితాల్లో ఎక్కడా రాసి లేదండీ" అని కామాక్షయ్య నసిగాడు.

"మీ కాగితాలు రాసినాయన మా సముద్రం చూసినాడా?" అన్నాడు పరంజ్యోతి. చప్పట్లు పడ్డాయి. అయ్యోరి బుర్రే బుర్ర అన్నారు. నెత్తళ్ళు ఎలకలకంటే ముందు ఎవరికి ఇష్టమో ఆ కూటంలో ఉన్న ఒక్క మనిషికీ తట్టలేదు. ఊళ్ళో ప్రతి ఇంటికీ ఒక పిల్లి ఉంది గానీ, చూరు కింద రోజూ చూసేదాన్ని ఎవరు తలచుకుంటారు?

ఉత్త ఉండలు పెట్టిన రోజుల్లో ఎలకలు తిన్నాయి, నిజమే. పిల్లులూ తిన్నాయి. రెబెక్కమ్మ పిల్లి మల్లి అయితే పొద్దున్నే లేచి గట్టు గట్టుకీ తిరిగి, ఆకుల్లో పెట్టిన ఉండల్ని ఒక్కొక్కటే నాకి, మధ్యాహ్నానికి పొట్ట నేలకి రాస్తూ ఇంటికి వచ్చేది. రెబెక్కమ్మ దాని మూతి వాసన చూసి, మొగుడి మొహం చూసి, ఏమీ అనలేదు. మందు కలిపి పెట్టబోతున్నామని, కుక్కల్నీ కోళ్ళనీ పిల్లుల్నీ కట్టేసుకోమని దండోరా వేసిన రోజున మాత్రం అనింది.

"దానికి ఆ దోవ నేర్పింది మీరే. ఇప్పుడు ఆ దోవ మాన్పించేది కూడా మీరే."

అంతలోకే నెల్లూరు కబురు వచ్చింది.

బస్సు సాగనంపి ఇంటికి వచ్చి పరంజ్యోతి తన ఇల్లు తానే కొత్తగా చూశాడు. చర్చి మిషను దొరల బంగళాను చూసి, గాలీ వెలుతురూ రావాలని, పట్టుబట్టి కట్టించుకున్న పెంకుటిల్లు అది. గదికి రెండు కిటికీలు. కిటికీ మీద వెంటిలేటరు. వంటింట్లో పొగ పోయే గూడు, స్నానాలగదిలో నీళ్ళు పోయే తూము. ఇంటికి వచ్చిన ప్రతివాడికీ ఇన్నాళ్ళూ చెయ్యి పట్టుకుని చూపించిన ఆ కిటికీలన్నీ ఇప్పుడు ఆయన కంటికి కిటికీల్లా కనపడలేదు. పిల్లి పోయే దారుల్లా కనపడ్డాయి.

మల్లి ముందుగది కిటికీలో కూర్చుని వీధి చూస్తోంది. తెల్లది, చెవి కొసన మాత్రం ఒక నల్లచుక్క. పుట్టగానే తల్లి బండి కింద పడి పోతే, రెబెక్కమ్మ ఒత్తి పాలలో ముంచి నోట్లో పెట్టి బతికించిన పిల్ల అది. పరంజ్యోతికి దానితో పేచీ లేదు, పొత్తూ లేదు. కుర్చీలో అది ఉంటే లేపుతాడు, తను ఉంటే అది రాదు. అంతటితో సరి.

"ఛీ, దిగు" అని కిటికీ రెక్కలు మూశాడు.

అది దిగింది. రెండో కిటికీ ఎక్కింది. అదీ మూశాడు. ఇల్లంతా తిరిగి మూసేసరికి పట్టపగలు దీపం పెట్టుకోవాల్సి వచ్చింది. వంటింట్లో పొయ్యి రాజేస్తే పొగ పోయే దారి లేక కళ్ళు మండాయి. దగ్గుతూ పొగగూడు మీది గోనెసంచి కాస్త పక్కకి జరిపాడు. జరిపిన చెయ్యి కిందికి దించకముందే తెల్లటిది ఏదో ఆయన భుజం మీద కాలు పెట్టి, తల మీద ఇంకో కాలు పెట్టి, గూట్లోకి దూరింది. తోక మాత్రం చేతికి దొరికింది. ఆ తోక పట్టుకుని కిందికి లాగేలోగా మసి నెత్తిన పడింది, మోచేతి దాకా గీతలు పడ్డాయి.

మర్నాడు కోళ్ళ గంప తెచ్చాడు. పిల్లిని కింద పెట్టి గంప బోర్లించి, పైన రుబ్బురోలు పొత్రం ఎత్తాడు. ఇంక ఏం చేస్తావో చెయ్యమ్మా అని కూర్చుని తెల్లన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నాడో లేదో, గంపలోంచి ఏడుపు మొదలైంది. అది పిల్లి అరుపులా లేదు. పసిబిడ్డ గొంతు నులిమినట్టుంది. వీధిలో పోయేవాళ్ళు ఆగి తలుపు కేసి చూస్తున్నారు. ఒక ముసలావిడ లోపలికి తొంగిచూసి, "ఎలిశబెతు కాన్పు ఇక్కడే అయిందా అయ్యోరా?" అని అడిగింది. గంప ఎత్తేశాడు.

పాత పంచె చింపి పట్టీ చేసి, మెడకీ చంకలకీ వేసి గుంజకి కట్టాడు. పట్టీ తగలగానే మల్లి ఎముకలు తీసేసినదాని మాదిరి నేలకి అతుక్కుపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, ప్రాణం పోయినట్టుంది. పరంజ్యోతి నీళ్ళు తెద్దామని లేచాడు. ముంతతో తిరిగి వచ్చేసరికి పట్టీ ముడి ముడిలాగే ఉంది. అందులో పిల్లి లేదు. వాకిటి గడప మీద కూర్చుని, మూసిన తలుపు సందులోకి ముక్కు పెట్టి, గట్ల మీంచి వచ్చే నెత్తళ్ళ వాసన పీలుస్తోంది.

"నీకేం తక్కువ చేసినానే? పాలు పోస్తే తాగవు. చేప తెచ్చి వేస్తే వాసన చూసి మొహం తిప్పుకుంటివి. చావడానికి ఇంత తొందరా?" అని అరిచాడు. అది చెవి మాత్రం ఇటు తిప్పింది. నల్లచుక్క ఉన్న చెవి.

చివరికి జాలర్ల పట్టపుపాళెం పోయి, తన దగ్గర చదువుకున్న ఒక పడవతను ఇచ్చిన పాత వల భుజాన వేసుకుని వచ్చాడు. పెరటి గోడ నుంచి చూరు దాకా వల పరిచి కట్టాడు. పెరట్లో ఎండ ఉంటుంది, గాలి ఉంటుంది, పిల్లి పెరట్లో తిరిగితే తనకి వంటింట్లో పొగ ఉండదు. కట్టి, చేతులు దులుపుకుని, తలుపు తీసి, "పో, తిరుగు" అన్నాడు. మల్లి పెరట్లోకి వచ్చింది. తల ఎత్తి వల కేసి చూసింది. తాటిచెట్టు ఎక్కేవాడు మోకు పట్టినట్టు ఒక్కో కన్నులో ఒక్కో కాలు పెట్టి, నిదానంగా, ఆయన చూస్తూ ఉండగానే పైకి ఎక్కి, చినిగిన చోట దూరి వల మీదికి వెళ్ళింది. ఆయన నిచ్చెన కోసం పరుగెత్తాడు.

దడి అవతల నుంచి నవ్వు వినపడింది.

"అయ్యోరా, చేపల్ని పట్టే వలతో పిల్లిని పడతా ఉండారే! ఎవురు చెప్పినారు ఈ ఉపాయం? గ్రామసేవకుడా?"

హజరత్తయ్య పెళ్ళాం మస్తానమ్మ. ఆమె నోటికి ఊళ్ళో పన్ను కట్టనివాడు లేడు. పరంజ్యోతి నిచ్చెన మీద నిలబడి పిల్లిని మెడ పట్టుకుని దించుతూ, "నీ పని నువ్వు చూసుకో మస్తానమ్మా" అన్నాడు.

"నా పని చూసుకుంటానే అడగతా ఉండా. మా పోలి రెండు దినాలుగా మా ఇంటికి రాలా. ఏడికి పోయిందా అనుకుంటా ఉండా. మీరు పట్టి పెట్టుకోని ఉండారా?"

"ఏ పోలి?"

"మీ చేతిలో ఉండాదే, అదే."

"ఇది మల్లి."

"మీ ఇంట్లో మల్లి. మా ఇంట్లో పోలి. మా పోలేరమ్మ తల్లికి మొక్కుకున్నాక మా ధాన్యం కొట్టులోకి వచ్చింది, ఎలకల్ని తిన్నది, అందుకని ఆ పేరు పెట్టుకున్నా. రోజూ సాయంకాలం మా ఇంట్లోనే గదా అది చేప తల తినేది. రెబెక్కక్కకి తెలుసులే. మీకే తెలవదు."

చర్చికి సంఘ పెద్దయిన తన ఇంటి పిల్లి, తన భార్య ఒత్తితో పాలు పట్టి పెంచిన పిల్లి, సాయంకాలం అయ్యేసరికి పక్కింటికి పోయి పోలేరమ్మ పేరు పెట్టుకుని చేప తల తింటోందని అప్పటిదాకా పరంజ్యోతికి తెలియదు. దాని మొహంలోకి చూశాడు. దానికి సిగ్గు లేదు.

"నా గడప దాటదు ఇది. ఆమె వచ్చే దాకా దాటదు. అంతే" అని తలుపు వేసుకున్నాడు.

తలుపు వేసుకుని ఆలోచించాడు. ఇది ఎందుకు పోతోంది? ఉండల కోసం. మరి ఉండలు ఇంట్లోనే ఉంటే? మందు లేని ఉండ తానే చేసి పెడితే బయటికి పోయే పని ఏముంది? ఇంత తేలిక సంగతి ఇన్నాళ్ళూ తట్టనందుకు తన బుర్రని చిన్నగా మెచ్చుకుంటూ తిట్టుకున్నాడు. కొట్టు నుంచి ఎండు నెత్తళ్ళు తెచ్చాడు. రోట్లో పోసి దంచాడు. నూకలు వేయించాడు. నూనె పోసి కలిపి, గట్ల మీద పెట్టినట్టే నిమ్మకాయంత ఉండలు చేసి, అరిటాకు ముక్కలో పెట్టాడు. రోకలి చప్పుడుకే మల్లి వచ్చి ఆయన మోకాలికి వీపు రాసింది. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.

"ఇప్పుడు గుర్తొచ్చానా?" అన్నాడు.

ఒక ఉండ వేశాడు. తినింది. ఇంకోటి వేశాడు. అదీ తినింది. తిని మూతి తుడుచుకుంటోంది. పరంజ్యోతి ప్రాణం కుదుటపడి, గాలి కోసం వంటింటి కిటికీ రెక్క ఒక్క వేలెడు తెరిచాడు.

ఆ వేలెడు సందులోంచి మస్తానమ్మ కన్ను లోపలికి చూసింది. రోలు చూసింది. ఆకులో ఉండలు చూసింది. మూతి నాక్కుంటున్న పిల్లిని చూసింది.

"ఓరి దేవుడా! అయ్యోరు మా పోలికి మందు పెడతా ఉండాడు! ఓ అబ్బయా, ఓ జనాలారా, రండి! ఇన్నాళ్ళూ కట్టేసి, గంపలో పెట్టి, వల వేసి, ఏం చేసినా చావలేదని మందు పెడతా ఉండాడు!"

"ఏయ్, మస్తానమ్మా, అరవొద్దు! ఇది మందు కాదు!"

"మందు కాకపోతే ఆకులో ఎందుకు పెట్టినావు? పోయిన ఆదివారం దండోరాలో చెప్పింది ఇదే ఉండ గదా! నా కంటికి కనపడలేదా?"

మాట పూర్తయ్యేలోపు ఆమె వాకిట్లో ఉంది. తలుపు తట్టలేదు, నెట్టింది. అది చేలో ధాన్యం బస్తా ఎత్తే మనిషి భుజం. గొళ్ళెం మేకులతో సహా ఊడి వచ్చింది. వెనక నలుగురు ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. పరంజ్యోతికి ఒళ్ళు మండిపోయింది. ఆకులోంచి ఒక ఉండ తీశాడు. అందరికీ చూపించాడు. నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. పచ్చి నూనె, నెత్తళ్ళ పొడి, వేగీ వేగని నూక. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మింగాడు.

"చాలునా? ఇంకోటి తినమంటావా?"

మస్తానమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆడవాళ్ళలో ఒకామె, "పాపం, పెళ్ళాం ఊళ్ళో లేకపోతే ఏం తింటాడు మరి" అనింది. ఎవరో కిసుక్కుమన్నారు. పరంజ్యోతి తను గెలిచినట్టు నిలబడ్డాడు. అప్పుడు గానీ ఎవరూ కింద చూడలేదు. గొళ్ళెం లేని తలుపు బార్లా తెరిచి ఉంది. ఆకు పక్కన పిల్లి లేదు.

"పోలీ?" అనింది మస్తానమ్మ.

ఇద్దరూ ఒకేసారి వీధిలోకి పరుగెత్తారు. రెండు ఉండలు తినడంతో దానికి ఆకలి తీరకపోగా రుచి లేచి ఉంటుంది. ఆ రుచి ఉన్న చోటు దానికి తెలిసింది ఒకటే. కాలవ దగ్గరికి వచ్చేసరికి దారి రెండుగా చీలింది. ఒకటి కాలవ గట్టు, ఒకటి ఇసక దిబ్బ పక్క చేలు.

"మీరు గట్టు పట్టండి, నేను దిబ్బ పక్కకి పోతా" అనింది మస్తానమ్మ రొప్పుతూ. రెండడుగులు పరుగెత్తి వెనక్కి తిరిగింది. "అయ్యోరా, మల్లీ గిల్లీ అంటే అది రాదు. తిండి పెట్టేటప్పుడు పిలిచే పేరు పోలి. పోలీ అని పిలవండి!"

"నేనా?"

"మీరే! మీ పిల్లి గదా!"

వెళ్ళిపోయింది. పరంజ్యోతి పంచె ఎగ్గట్టి గట్టెక్కాడు. చెప్పులు బురదలో ఒకటి ఇక్కడ ఒకటి అక్కడ ఉండిపోయాయి. కోతకి వచ్చిన చేను గాలికి ఊగుతోంది. గట్టు పొడుగునా, ఎలక బొక్క కనపడిన చోటల్లా, ఆకు ముక్కలో మందు కలిపిన ఉండ. తను చెప్పిన ఉండ. చప్పట్లు కొట్టించుకున్న ఉండ. ఒక్కో ఆకు దాటేటప్పుడు కాలితో తన్ని కాలవలో పారేయాలనిపించింది, కానీ ఊరంతా ఒకేసారి పెడితేనే లాభమని కామాక్షయ్య చెప్పిన కూటంలో, ఆ ఉండకి రుచి చెప్పిన నోరు తనదే.

దూరాన, చేను మొదట్లో, తెల్లగా కనపడింది. మల్లి తీరిగ్గా నడుస్తోంది. రోజూ బజారుకి పోయే మనిషిలా అటూ ఇటూ చూసుకుంటూ, ముందున్న ఆకు కేసి.

"మల్లీ!"

ఆగలేదు.

"మల్లీ, రా అమ్మా! రామ్మా, తల్లీ! బంగారు!"

ఆ ఇంట్లో ఆయన నోటి నుంచి దానికి ఇంత తియ్యటి మాట ఎప్పుడూ రాలేదు. అది ఆయన గొంతని కూడా అనుకుని ఉండదు. ఆకు దగ్గరికి వచ్చింది. మూతి వంచి వాసన చూసింది. పరుగెత్తితే బెదిరి ఉండ నోట కరుచుకుని చేలో దూరుతుంది. పరుగెత్తకపోతే తింటుంది. బస్సు కిటికీలోంచి తన చొక్కా పట్టుకున్న చెయ్యి పరంజ్యోతికి కళ్ళ ముందు మెదిలింది.

"పో..." అన్నాడు. చుట్టూ చూశాడు. గట్టు పక్కనే రోడ్డు. రోడ్డు మీద ఎవరో సైకిలు మీద వస్తున్నారు. ఎవరైతే ఏం?

"పోలీ! పోలీ! ఓ పోలమ్మా! రా తల్లీ, ఇటు రా! పోలీ!"

బళ్ళో హాజరు పిలిచిన గొంతు అది. ఇసక దిబ్బ అవతలికి కూడా వినపడింది. మల్లి తల ఎత్తింది. ఆకు వదిలింది. తోక నిటారుగా లేపి, మ్యావుమంటూ, గట్టు వెంట ఆయన దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చి, కాళ్ళ దగ్గర కూర్చుని, చేప తల కోసం పైకి చూసింది.

ఆయన వంగి దాన్ని ఎత్తుకుని, పైగుడ్డలో చుట్టి, మూతికి ఏమైనా అంటిందా అని వేలితో తుడిచి చూశాడు. ఏమీ లేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని గట్టు మీదే కూలబడ్డాడు.

రోడ్డు మీద సైకిలు ఆగి ఉంది. దాని మీద ఉన్నది చర్చి సంఘంలో పాటలు ఎత్తే సమాధానం అనే అతను. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"అయ్యోరా, ఎవురిని పిలస్తా ఉండారు?"

"పిల్లిని."

"పోలమ్మా, తల్లీ, రా తల్లీ అంటిరే?"

"అదే దాని పేరు. నువ్వు నీ దారిన పో సమాధానం."

"పోతా పోతా" అన్నాడు సమాధానం. సైకిలు ఎక్కాడు. కొంచెం దూరం పోయి, వెనక్కి తిరిగి మళ్ళీ చూశాడు. అతను సాయంకాలం బస్సుకి నెల్లూరు పోతాడని, ఎలిశబెతు వాళ్ళ ఇంటి పక్కవీధిలోనే దిగుతాడని పరంజ్యోతికి తెలుసు. ఈ కబురు రెబెక్కమ్మ చెవిన పడక మానదు.

మస్తానమ్మ దిబ్బ పక్క నుంచి వచ్చి, పైగుడ్డ మూట చూసి ఏడ్చినంత పని చేసింది. ఇద్దరూ ఇంటి దాకా నడిచారు. పరంజ్యోతి వాకిట్లో తలుపు ఒక మడతబందు మీద వేలాడుతోంది.

"అయ్యోరా, నేను తప్పు మాటన్నా. ఇంక అననులే. కానీ ఈ ఇంట్లో ఇది నిలవదు" అనింది ఆమె. "ఇది ఇల్లు కాదు, ఊరు. ఎన్ని దారులు ఉండాయో చూడండి. మా ఇంట్లో పెట్టండి."

మస్తానమ్మది చుట్టిల్లు. గుండ్రటి మట్టిగోడ, గోడకీ కప్పుకీ మధ్య సందు లేకుండా మెత్తిన మట్టి, ఒకే ఒక్క గుమ్మం. గాలి రాదని, వెలుతురు ఉండదని, ఆ ఇల్లు పడగొట్టి కిటికీలు పెట్టి కట్టుకోమని పరంజ్యోతి హజరత్తయ్యకి చాలాసార్లు చెప్పాడు. ఇప్పుడు వంగి ఆ గుమ్మంలో అడుగుపెట్టి, పైగుడ్డ విప్పాడు. మల్లి దిగి ఒళ్ళు విదిలించుకుంది. గోడ చుట్టూ ఒక్కసారి తిరిగింది. అటకెక్కింది. ధాన్యం గుమ్మి పక్కన ఏదో కదిలితే చెవులు నిక్కబొడుచుకుని అక్కడే కూర్చుంది. గుమ్మం కేసి కన్నెత్తి చూడలేదు.

"చూసినారా? ఇక్కడైతే దానికి పని ఉండాది" అన్నాడు హజరత్తయ్య మంచం మీంచి. "మీ ఇంట్లో ఊరికే కూర్చోమంటే ఎట్టా కూర్చుంటాది అయ్యోరా? మీరే కూర్చోలేరు గదా."

పరంజ్యోతి పిల్లిని అక్కడే వదిలి పోయాడు. రోజూ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి, గుమ్మంలో వంగి, అటక మీద తెల్లటిది ఉందో లేదో చూసి పోయేవాడు. ఆయన వస్తే మస్తానమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ముందు పేరు పెట్టి పిలవండి, అప్పుడు చూపిస్తా" అనేది. ఆయన పళ్ళు నూరుకుని పిలిచేవాడు. అది తొంగిచూసేది. ఇంటికి పోయి, కిటికీలన్నీ బార్లా తెరుచుకుని, గాలీ వెలుతురూ చాలినంత ఉన్న ఆ ఇంట్లో ఒక్కడే అన్నం తినేవాడు.

గట్ల మీద ఉండలు ఇంకా ఎత్తకముందే రెబెక్కమ్మ వచ్చేసింది. తల్లీ బిడ్డా క్షేమం, మగపిల్లవాడు. బస్సు దిగుతూ ఆమె మొదట అడిగింది మొగుడి మొహం ఎందుకు అంత పీక్కుపోయిందని కాదు.

"మల్లి ఇంట్లోనే ఉండాదా?"

"ఇంట్లోనే ఉండాది."

"ప్రాణంతోనా?"

"మన ఇద్దరికంటే బాగా ఉండాది."

ఆమె ఊపిరి వదిలింది. దారి పొడుగునా మనవడి ముక్కు గురించి, నెల్లూరు ఆసుపత్రి నర్సుల గురించి చెబుతూ నడిచింది. పరంజ్యోతి పెట్టె మోసుకుంటూ, ఊ కొడుతూ, ఈ దారి ఇంకో మైలు ఉంటే బాగుండునే అనుకుంటూ వెనక నడిచాడు. మధ్యలో ఒకసారి ఆమె ఆగి, "సమాధానం కనపడినాడు నెల్లూరులో" అనింది. ఆయన కాలు తడబడింది. ఆమె మళ్ళీ మనవడి మాటలు ఎత్తుకుని నడిచింది.

ఇంటి ముందుకు వచ్చారు. గొళ్ళెం లేని తలుపుకి తాడు కట్టి ఉంది. రెబెక్కమ్మ ఆ తాడు చూసింది. పెరటి మీద చినిగిన వల చూసింది. చేత్తో తాడు విప్పబోయింది.

పరంజ్యోతి ఆగలేదు. పెట్టె భుజం మార్చుకుని ముందుకు నడిచాడు.

"ఏమండీ, ఇల్లు ఇటు గదా?"

"ఇల్లు అటే" అన్నాడు ఆయన, తల తిప్పకుండా, మస్తానమ్మ గుమ్మం ముందు వంగుతూ. "పిల్లి ఇటు."